గండికోట వాకిట హెక్టరు



గండికోట అనగానే ఎవరికైనా ముందు లోయే కళ్ళకు కడుతుంది. ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుంటూ పెన్న పారే చోటు అది. పైన ఎర్రబండల అంచు, కింద సుమారు 300 అడుగుల లోతున నీళ్ళు. జమ్మలమడుగు మీదుగా వచ్చే యాత్రికులు కోటలోని గుళ్ళనూ మసీదునూ ధాన్యాగారాన్నీ త్వరత్వరగా చుట్టేసి ఆ అంచు దగ్గరికే పరుగు తీస్తారు. ఈ ప్రసంగం కోసం మాత్రం లోయకు వీపు పెట్టి, కోట వాకిలి వైపు తిరగాలి. గండికోట పడిపోయింది ఆ వాకిలి దగ్గరే.

1652 సెప్టెంబరులో తావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు ఇక్కడికి వచ్చాడు. చెన్నపట్నం నుంచి గోల్కొండకు పోతున్నాడు. అమ్మదలచిన ముత్యాలు వెంట ఉన్నాయి. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా ఖరీదైన సరుకు ఏది కొనాలన్నా అది ముందు అతని మంత్రి, సేనాని మీర్ జుమ్లా కంటబడాలి. ఆ మీర్ జుమ్లా అప్పుడు గండికోటలో మకాం వేసి ఉన్నాడు. పెమ్మసాని నాయకుల చేతిలోంచి కోటను లాక్కుని ఎంతో కాలం కాలేదు. తావెర్నియే వర్తకుడు కాబట్టి దేన్ని చూసినా కొలతలు, లెక్కలు వేసుకుంటాడు. కోటనూ అలాగే చూశాడు. కొండెక్కే దారి 20, 25 అడుగుల వెడల్పు, కొన్ని చోట్ల 7, 8 అడుగులే. పక్కనే చూస్తే కళ్ళు తిరిగే లోయ. పైన చిన్న మైదానం, అందులో పైర్లు, నీటి ఊటలు. ఊళ్ళోకి ఒకటే వాకిలి. దాని ముందు మూడు వరసల రాతి గోడలు, అగడ్తలు. మిగతా వైపులన్నీ కొండచరియలే కాపలా కాస్తాయి. లోపలివాళ్ళు కాచుకోవలసింది నాలుగైదు వందల అంగల మేర మాత్రమే.

ఆ నాలుగైదు వందల అంగలకు వాళ్ళ దగ్గరున్నవి రెండు ఇనప ఫిరంగులు. ఒకటి 12 పౌన్ల గుండు వేసేది, అది వాకిలి మీద ఉంది. రెండోది 7, 8 పౌన్లది, ఒక బురుజు కొన మీద ఉంది. అంతే.

అయినా ముట్టడి మూడు నెలలు సాగిందంటాడు తావెర్నియే. లోపలివాళ్ళు గోడల చాటున ముడుచుకు కూర్చోలేదు. మాటిమాటికీ తలుపు తెరుచుకుని బయటికొచ్చి మీదపడేవారు. మీర్ జుమ్లా సైనికులు చాలామంది ఆ దాడుల్లోనే పోయారు. కోటలోని రాజు ఈ దేశపు సేనానుల్లో మహా శూరుడని పేరున్నవాడని కూడా ఆ పరదేశి రాసిపెట్టాడు. అతను మీర్ జుమ్లాకు అతిథి, ఓడిపోయినవాళ్ళను పొగిడితే అతనికి ఒరిగేదేమీ లేదు. అందుకే ఆ మాటకు విలువ ఎక్కువ.

చివరికి మీర్ జుమ్లాకు ఒకటి అర్థమైంది. ఫిరంగులు పైకెక్కితే తప్ప పని కాదు. తన కొలువులో ఉన్న పరంగి గోలందాజులందరినీ పిలిపించాడు. ఫిరంగులను కొండమీదికి చేర్చినవాళ్ళకు మామూలు జీతం మీద నాలుగు నెలల జీతం అదనం అన్నాడు. వాళ్ళు నాలుగు ఫిరంగులను ఎక్కించారు. ముందు వాకిలి మీది ఫిరంగిని గురిచూసి కొట్టి పనికిరాకుండా చేశారు. తర్వాత తలుపును కొట్టారు. సగం తలుపు కూలాక లోపలివాళ్ళు మర్యాదైన షరతుల మీద కోట అప్పగించి వెళ్ళిపోయారు. తావెర్నియే చెప్పింది ఇంతే. అతని కథలో విషం లేదు, ద్రోహి లేడు.

కడప సీమలో మాత్రం ఈ కథ ఇలా చెప్పరు.

ఇక్కడి కథలో నాయకుడు పెమ్మసాని చిన తిమ్మానాయుడు. కాలం 1650 ప్రాంతం. మీర్ జుమ్లా బలంతో కోటను పట్టలేక మాయోపాయానికి దిగుతాడు. గండికోట విడిచిపెడితే గుత్తికోట ఇస్తానని రాయబారం పంపుతాడు. సంప్రదింపులు జరుగుతాయి. తిమ్మానాయుడు ఒప్పుకుంటాడు. తీరా ఫర్మానా చేతికొచ్చి చూస్తే అందులో ఉన్నది గుత్తికోట కాదు, పేరు చివర గుత్తి ఉన్న ఒక చిన్న పల్లె. నాయుడు మండిపడి ఫర్మానాను చించేస్తాడు. అప్పుడు పొదిలి లింగన్న అనే కొలువు ఉద్యోగి శత్రువుతో చేతులు కలిపి, నాయుడికి విషం పెడతాడు. కోట మీర్ జుమ్లా వశమవుతుంది. పసికొడుకు పిన్నయ్యను అయినవాళ్ళు రహస్యంగా దాటించి మైసూరు సీమకు చేరుస్తారు. లింగన్నకు దక్కిన బహుమానం ఏమిటంటే, కన్న ఊరికే కట్టుబడనివాడు తనకేం కట్టుబడతాడని మీర్ జుమ్లా అతని కాళ్ళూ చేతులూ నరికిస్తాడు. కొద్ది తేడాలతో కోటలో వినబడేది ఈ కథే. కత్తుల కోనేరు దగ్గరికి తీసుకుపోయినప్పుడు మాత్రం యుద్ధం అయ్యాక నెత్తురు కత్తులు కడిగింది ఇక్కడేనని ఇంకో మాట చేరుస్తారు.

రెండు కథలూ పక్కపక్కన పెడితే మొదట కనిపించేది తేడాయే. పరదేశి లెక్కలో కోటను కూల్చింది నాలుగు ఫిరంగులు, నాలుగు నెలల అదనపు జీతం. మనవాళ్ళ లెక్కలో కూల్చింది ఒక్క మనిషి. ఈ రెండో లెక్కలో ఒక సుఖం ఉంది. తప్పంతా మోయడానికి లింగన్న ఉన్నాడు కాబట్టి మిగతా అందరూ మచ్చలేని వీరులుగా నిలిచిపోతారు. రాయలసీమ ఊళ్ళలో చెట్ల కిందా గుడి ప్రాకారాల పక్కనా నిలబడి ఉన్న వీరగల్లులు కూడా ఇదే పని చేస్తాయి. వీరుడు కత్తి దూసి నిలబడతాడు, పడిపోతాడు, పై అంతస్తులో అప్సరసలు అతన్ని స్వర్గానికి తీసుకుపోతారు. ఆ వీరుడు బతికుండగా ఎలాంటివాడో, ఎవరిమీద కోపం పెట్టుకున్నాడో, ఎవరి మాట వినలేదో ఆ రాయి చెప్పదు. రాయికి అంత జాగా ఉండదు కూడా.

కావ్యానికి ఆ జాగా ఉంటుంది. గ్రీకుల ఇలియడ్‌ను ఇక్కడ తలుచుకోవలసిన అవసరం అందుకే.

హోమరు పేరున ప్రసిద్ధమైన ఆ కావ్యం క్రీస్తుకు పూర్వం 8వ శతాబ్దం నాటిదని పండితులు అంచనా వేస్తారు. 24 సర్గలు, 15,000 పైచిలుకు పాదాలు. దాని గురించి చదవనివాళ్ళకు కూడా రెండు విషయాలు తెలిసి ఉంటాయి. ఒకటి ట్రాయ్ నగరంలోకి గ్రీకులు తోసిన కొయ్య గుర్రం. రెండు ఎకిలీజ్ మడమ. తమాషా ఏమిటంటే ఆ రెండూ ఇలియడ్‌లో లేవు. గుర్రం కథ ఒడిస్సీలో వస్తుంది. మడమ ఒక్కటే బలహీనమైన చోటు అన్న కథ ఎన్నో శతాబ్దాల తర్వాతి కవుల కల్పన. ఇలియడ్‌లో ట్రాయ్ పడిపోదు, ఎకిలీజ్ చావడు. పదేళ్ళ యుద్ధంలో పదో ఏట, కొన్ని వారాల్లో జరిగినదే కథ. అది మొదలయ్యేది ఒక వీరుడి కోపంతో, ముగిసేది ఆ వీరుడు చంపిన మనిషి అంత్యక్రియలతో.

ఒక మాయగుర్రం వల్లో, శరీరంలో ఒక మెత్తని చోటు వల్లో వీరుడు పడిపోయాడంటే వినేవాళ్ళకు హాయిగా ఉంటుంది. తప్పు అతని స్వభావం జోలికి రాదు. హోమరు ఆ హాయి ఇవ్వడు. ఎకిలీజ్‌ను మించిన యోధుడు గ్రీకుల్లో లేడు. సేనాధిపతి ఆగమెమ్నాన్ అతనికి దక్కిన బ్రిసేయిస్ అనే బందీ స్త్రీని అందరి ముందూ లాక్కుంటాడు. అవమానం నిజమైనదే, కోపం న్యాయమైనదే. కానీ ఆ కోపంతో అతను చేసే పని ఏమిటంటే, యుద్ధం మానేసి తన గుడారంలో కూర్చుని, తన లోటు తెలిసిరావాలంటే సొంతవాళ్ళే చచ్చిపోవాలని కోరుకోవడం. ఆగమెమ్నాన్ దిగొచ్చి బ్రిసేయిస్‌ను తిరిగి ఇస్తానని, దానికి తోడు అంతులేని కానుకలిస్తానని ఒడిస్యూస్, ఎజాక్స్, ముసలి ఫీనిక్స్‌లను రాయబారం పంపుతాడు. ఎకిలీజ్ కాదంటాడు. ఇక్కడితో న్యాయం అతని పక్కన లేకుండా పోతుంది. కావ్యం ఈ మలుపును ఎక్కడా దాచదు. చివరికి ప్రాణమిత్రుడు పెట్రోక్లస్ తోటివాళ్ళ చావులు చూడలేక, ఎకిలీజ్ కవచం తొడుక్కుని యుద్ధానికి పోయి ట్రాయ్ వీరుడు హెక్టరు చేతిలో చస్తాడు. అప్పుడు గాని ఎకిలీజ్ లేవడు. లేచాక ఆగడు. హెక్టరును చంపి, శవాన్ని రథానికి కట్టి ఈడుస్తాడు.

అంతటి కోపిష్టి గుడారానికే హెక్టరు తండ్రి, ముసలి రాజు ప్రయామ్, రాత్రివేళ వచ్చి కొడుకును చంపిన చేతులను ముద్దుపెట్టుకుంటాడు. ఎకిలీజ్‌కు తన తండ్రి గుర్తొస్తాడు. ఇద్దరూ కలిసి ఏడుస్తారు. శవాన్ని ఇచ్చేసి, అంత్యక్రియలు ముగిసేదాకా యుద్ధం ఆపిస్తానని మాటిస్తాడు.

గండికోటకు దగ్గరివాడు మాత్రం ఎకిలీజ్ కాదు, హెక్టరు. అతనూ కోట లోపలి మనిషే. అతని వెనకా ఒక వాకిలి ఉంది.

భార్య ఆండ్రోమకీ ఒకసారి ఆ వాకిలి దగ్గర అతనికి యుద్ధనీతి చెబుతుంది. అదుగో ఆ అత్తిచెట్టు దగ్గర గోడ ఎక్కడానికి వీలుగా ఉంది, సేనను అక్కడ నిలుపు, నువ్వు లోపలే ఉండు అంటుంది. హెక్టరు నలుగురిలో తలెత్తుకోలేనంటాడు. తర్వాత ఎకిలీజ్ తిరిగి యుద్ధానికి వస్తున్నాడని తెలిసిన రాత్రి పాలిడమాస్ అనే తెలివైన సహచరుడు, ఈ రాత్రే నగరంలోకి పోదాం, గోడల మీది నుంచి పోరాడదాం అని హితవు చెబుతాడు. గెలుపు మత్తులో ఉన్న హెక్టరు కసిరికొడతాడు, సైన్యం చప్పట్లు కొడుతుంది. మర్నాడు ఆ సైన్యం సగం నదిలో కొట్టుకుపోయాక హెక్టరు ఒక్కడే వాకిలి బయట నిలబడి ఉంటాడు. తలుపు తెరిచే ఉంది. గోడమీద నుంచి తల్లీ తండ్రీ లోపలికి రమ్మని మొత్తుకుంటున్నారు. అతను పోడు. పోతే ముందుగా పాలిడమాసే దెప్పుతాడు, తన బలం చూసుకుని మిడిసిపడి జనాన్ని చంపుకున్నాడని నాకంటే తక్కువవాడు కూడా అంటాడు అని తనలో తను అనుకుంటాడు. ఆయుధాలు కింద పెట్టి, యుద్ధానికి కారణమైన హెలెన్‌ను, సొమ్మును తిరిగిచ్చి సంధి చేసుకుంటే ఎలా ఉంటుందని కూడా ఒక క్షణం ఆలోచిస్తాడు. కూడదనుకుంటాడు. తీరా ఎకిలీజ్ దగ్గరికి వచ్చేసరికి భయం పుట్టి పరుగు లంకించుకుంటాడు. కోట చుట్టూ మూడుసార్లు పరిగెత్తాక గాని నిలబడి పోరాడడు.

తన నగరాన్ని పదేళ్ళు కాచిన వీరుణ్ణి కవి ఇలా పరిగెత్తించాడు. అయినా హెక్టరు తక్కువవాడైపోలేదు. రెండున్నర వేల ఏళ్ళుగా చదివేవాళ్ళ జాలి ఎకిలీజ్ కంటే అతనికే ఎక్కువ దక్కింది.

ఇప్పుడు మళ్ళీ మన వాకిలికి వద్దాం. తావెర్నియే కథా, జనం చెప్పే కథా అన్నింటిలోనూ విడిపోయి ఒక్క చోట మాత్రం కలుస్తాయి. రెండింటిలోనూ గండికోట రాజు శత్రువుతో షరతులు మాట్లాడాడు. ఒకదాంట్లో మర్యాదైన షరతుల మీద కోట విడిచిపెట్టాడు, ఇంకోదాంట్లో గుత్తి ఇస్తే విడిచిపెడతానన్నాడు. జనం కథ ఈ ఒప్పుకోలు దగ్గర నిలవదు. ఫర్మానా మోసం, విషం, నరికివేత అంటూ గబగబా ముందుకు పోతుంది. కథకు గుండెకాయ మాత్రం అక్కడే ఉంది. మూడు నెలలు శత్రువు మీద పడుతూ వచ్చిన మనిషి, తాతల కోటను ఇంకో కోటతో మార్చుకోవడానికి ఏ పూట ఒప్పుకున్నాడు? లోపల ధాన్యం అడుగంటిందా? చచ్చినవాళ్ళ ఆడవాళ్ళు వచ్చి వాకిట్లో కూర్చున్నారా? లేక గుత్తి మీద ఆశే పుట్టిందా? మనం అతన్ని వీరుణ్ణి చేసిన తొందరలో మనిషిని పోగొట్టుకున్నాం.

హోమరు తూకంలో వేస్తే ఆ సంప్రదింపు తప్పు కాకపోవచ్చు. హెక్టరు ఒక క్షణం ఆలోచించి వదిలేసిన పనిని తిమ్మానాయుడు చేశాడు. హెక్టరు కూడా ఆ పని చేసుంటే అతని కోట లోపలి జనం బతికేవారు. తూకం తప్పింది ఫర్మానా చించినప్పుడేమో. అది అవమానానికి రగిలిన క్షణం, ఎకిలీజ్ రక్తం. తిట్టి, తిప్పిపంపి, ఇంకోసారి బేరం చేసే దారి ఆ క్షణంలో మూసుకుపోయింది.

ఇంకో తప్పు ఏ ఒక్క మనిషిదీ కాదు, వంశానిది. ఆ రెండు ఇనప ఫిరంగుల సంగతి. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు దగ్గర ఆదిల్ షాను ఓడించినప్పుడు 400 పెద్ద ఫిరంగులు చిక్కాయని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. కోటను పట్టడానికి ఫిగెరెదు అనే పోర్చుగీసువాడు తుపాకీదార్లతో వచ్చి గోడల మీది వాళ్ళను కాల్చి సాయపడ్డాడు. ఆ కాలపు మహావీరుడిగా రాయవాచకం పొగిడే పెమ్మసాని రామలింగనాయుడు ఈ వంశం వాడే. పరంగి తుపాకీ ఏం చేయగలదో రాయల సేన కళ్ళారా చూసి 130 ఏళ్ళు గడిచాక, అదే వంశం కోటకు రెండే ఫిరంగులు. కొండను నమ్ముకున్నారు. కొండ మూడు పక్కలా నమ్మకంగానే నిలబడింది. నాలుగో పక్కకు ఈసారి పరంగివాళ్ళు అవతలివాడి జీతం మీద వచ్చారు. వీరత్వం బాగా పనిచేసిన ఇంట్లో ఇలాంటి ఏమరుపాటు తేలిగ్గా పుడుతుంది, తాతలు కత్తితో గెలిచారు కదా అని.

లింగన్న సంగతికొస్తే, ఇలియడ్‌లో అతనికి ఒక తోబుట్టువు ఉన్నాడు. పదో సర్గలో డోలన్ అనే ట్రాయ్ మనిషి రాత్రిపూట గ్రీకు శిబిరంలోకి వేగుకు పోతాడు. ఎందుకు పోతాడంటే, గెలిచాక ఎకిలీజ్ గుర్రాలు నీకేనని హెక్టరు మాటిచ్చాడు కాబట్టి. గ్రీకు వీరులు ఒడిస్యూస్, డయోమెడ్ అతన్ని దారిలో పట్టుకుంటారు. భయంతో పళ్ళు టకటకా కొట్టుకుంటూ ఉంటే, చంపములే అన్నట్టు మాట్లాడి ఒడిస్యూస్ గుట్టంతా రాబడతాడు. సేనలు ఎక్కడ పడుకున్నాయో, ఎవరికి కాపలా లేదో అన్నీ చెప్పేస్తాడు. చెప్పాక డయోమెడ్ తల నరుకుతాడు. లింగన్నకు పట్టిన గతే. కానీ డోలన్‌కు హోమరు ఒక ముఖం ఇచ్చాడు. చూడ్డానికి బాగుండడు, పరుగులో దిట్ట. తండ్రికి బోలెడు బంగారం. ఐదుగురు అక్కచెల్లెళ్ళ నడుమ ఒక్కడే కొడుకు. ఇంత చిన్న పాత్రకు ఇన్ని వివరాలు. అందుకే అతని మీద అసహ్యంతో పాటు ఒక రవ్వ జాలి కూడా పుడుతుంది. లింగన్నకు మన కథలో ఇల్లు లేదు, పిల్లల్లేరు, భయం లేదు. ఉన్నది ఆశ ఒక్కటే. అంత బోసి ద్రోహిని నమ్మడం కష్టం.

మన భాషలో వీరుడి లోపాన్ని చూపే ధైర్యం లేదా అంటే, ఉంది. పల్నాటి వీరుల కథ చాలు. శ్రీనాథుడి పేరున ద్విపదగా వెలిసింది, ఊళ్ళలో పిచ్చికుంట్లవాళ్ళు, వీరవిద్యావంతులు పాడుతూ నిలబెట్టారు. కారెంపూడిలో కార్తీకంలో ఇప్పటికీ ఆ వీరుల ఉత్సవాలు జరుగుతాయి, వాళ్ళ ఆయుధాలకు పూజలు చేస్తారు. మాల కన్నమదాసు బ్రహ్మనాయుడి కొడుకంతటివాడుగా నిలబడే కథ అది. అయినా బ్రహ్మనాయుడు కోడిపందెంలో ఓడి అందరినీ అడవుల పాలు చేస్తాడు. అతని కొడుకు బాలచంద్రుడు బొంగరాలాడుతూ ఒక స్త్రీ కాలికి దెబ్బ తగిలిస్తాడు. అందరూ యుద్ధానికి పోయారు, నువ్వు ఇక్కడ ఆటలాడుతున్నావా అని ఆమె దెప్పితే అప్పుడు గాని అతనికి పౌరుషం రాదు. యుద్ధానికి పోతూ ప్రాణమిత్రుడు అనపోతును ఎలాగైనా బతికించాలని, మరచిపోయిన హారం తెమ్మన్న నెపంతో వెనక్కి పంపేస్తాడు. తనను వదిలేసి పోయారని తెలిసి అనపోతు ప్రాణం తీసుకుంటాడు.

ఎకిలీజ్ మిత్రుణ్ణి యుద్ధానికి పంపి పోగొట్టుకున్నాడు, బాలచంద్రుడు పంపకుండా దాచి పోగొట్టుకున్నాడు. ఇలియడ్ పేరే వినని కవులు ఆ బాధను అటువైపు నుంచి పట్టుకున్నారు. చిత్తూరు జిల్లా ఊళ్ళలో భారతం తిరునాళ్ళప్పుడు మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి చేసి, భీముడి వేషగాడు దాని తొడ విరగ్గొట్టేటప్పుడు జనం కేకలు వేస్తారు. అదే జనం పద్యనాటకంలో దుర్యోధనుడి పద్యాలకు వన్స్‌మోర్ అడుగుతారు. చెడ్డవాడిలో గొప్పను, గొప్పవాడిలో చెడ్డను చూసే కన్ను మనకు కొత్త కాదు. గండికోట దగ్గరికి వచ్చేసరికి ఎందుకో ఆ కన్ను మూసుకుంటాం.

మీర్ జుమ్లాను చూడండి. ఇతను ఏ కవికైనా వరం లాంటి పాత్ర. ఇరాన్‌లోని అర్దిస్తాన్‌లో నూనె అమ్ముకునేవాడి కొడుకు. వజ్రాల వ్యాపారం పట్టుకుని గోల్కొండకు వచ్చాడు. గనులు గుత్తకు తీసుకుని, ఓడలు నడిపి, సేనలు పోషించి, సుల్తానుకే భయం పుట్టేంతగా పెరిగాడు. గండికోటలో తావెర్నియే చూసిన దృశ్యం ఒకటి మరుపుకు రాదు. మీర్ జుమ్లా నవాబు గుడారంలో కూర్చుని రాచకార్యాలు చూస్తున్నాడు. ఎడమ చేతి వేళ్ళ సందుల్లో ఉత్తరాలు, కాలి వేళ్ళ సందుల్లో కూడా ఉత్తరాలు. ఒక్కొక్కటి లాగి జవాబు చెప్పడం, రాయించడం, కొన్ని తానే రాయడం. ఇంతలో నలుగురు నేరస్థుల్ని తెచ్చారు. విచారించి, ఒకడికి కాళ్ళూ చేతులూ నరకమని, ఇంకొకడి కడుపు చీల్చమని, మిగతావాళ్ళ తలలు తీయమని అంతే తాపీగా చెప్పాడు. ఆ తర్వాత భోజనం. లింగన్న కాళ్ళూ చేతులూ నరికించాడన్న జనం మాటకు పునాది ఇలాంటి తీర్పుల్లోనే ఉండి ఉండవచ్చు.

ఇతనికీ ఒక పట్టు తప్పింది, కొంచెం నవ్వొచ్చే విధంగా. బూర్జ్ పట్టణం నుంచి వచ్చిన క్లాడ్ మాయ్ అనే ఫ్రెంచివాడి చేత 20 ఫిరంగులు పోయించాలనుకున్నాడు. పది 48 పౌన్లవి, పది 24 పౌన్లవి. రాగి కోసం గుళ్ళలో విగ్రహాలు పోగు చేయించాడు. మిగతావి కరిగాయి గాని గండికోట గుడి విగ్రహాలు ఆరు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదట. పూజారులు ఏదో మంత్రం వేశారని నవాబు వాళ్ళను బెదిరించాడు. చివరికి మాయ్ ఒక్క ఫిరంగి కూడా సరిగ్గా పోయలేకపోయాడు. ఒకటి పగిలింది, ఇంకోటి సగంలో ఆగింది. మహిమ అనుకునేవాళ్ళు మహిమ అనుకోవచ్చు, కొలిమి పని తెలియని మనిషికి పని అప్పగించడం అనుకునేవాళ్ళు అదీ అనుకోవచ్చు.

ఆ తర్వాత అతని దారి ఇంకా విచిత్రం. 1655లో కొడుకు మహమ్మద్ అమీన్‌ను కుతుబ్ షా ఖైదు చేస్తే, ఆ వంకతో మొఘలుల పక్కకు దాటాడు. ఔరంగజేబు గోల్కొండ మీద పడ్డాడు. లింగన్న చేశాడంటున్న పనిని మీర్ జుమ్లా ఒక రాజ్యం స్థాయిలో చేశాడన్నమాట. అప్పుడు అతని కాళ్ళూ చేతులూ ఎవరూ నరకలేదు. బెంగాలుకు సుబేదారు అయ్యాడు. అస్సాం మీదికి పోయి 1662లో అహోం రాజధాని గర్గావ్‌లో కాలుపెట్టి, ఆ వానల్లో, జ్వరాల్లో సైన్యంలో చాలామందిని పోగొట్టుకుని, 1663లో తిరుగుదారిలో చచ్చిపోయాడు.

గండికోట కథను బుర్రకథగానో నాటకంగానో ఎత్తుకోవాలనుకునేవాళ్ళకు సరుకు దగ్గర్లోనే ఉంది. మెకంజీ దొర కోసం ఊరూరా కరణాలు రాయించిన కైఫీయత్తులను కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అచ్చు వేసింది. తావెర్నియే యాత్రను వాలెంటైన్ బాల్ 1889లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. రెండూ ముందు పెట్టుకుని కూర్చున్న రచయితకు మొదట ఎదురయ్యే చిక్కు ఒక్కటే. తిమ్మానాయుడు ఫర్మానా చించింది తలుపు కూలకముందా, కూలిన తర్వాతా? ముందైతే అతని చేతిలో ఇంకా బేరం చేసే బలం ఉంది, ఆ బలాన్ని కోపంతో పారేసుకున్నాడు. తర్వాతైతే చేతిలో ఏమీ లేదు, తాను ఒప్పుకుంటే బతికే జనం మాత్రం లోపల ఉన్నారు. మొదటిది ఎంచుకుంటే ఎకిలీజ్ కథ అవుతుంది, రెండోది ఎంచుకుంటే హెక్టరు కథ. లింగన్నకు మాత్రం రెండింటిలోనూ ఒక ఇల్లు, ఇద్దరు పిల్లలు, ఒక రాత్రి భయం ఇవ్వాల్సి ఉంటుంది.